యూజర్ మోడ్ లైనక్స్‌కు డెబియన్ ప్యాకేజీ తయారుచేయడం ఎలా

యూజర్ మోడ్ లైనక్స్ అంటే లైనక్స్ కెర్నెల్‌ను మామూలు ప్రోగ్రాంలా నడిపించే ఏర్పాటు. జెఫ్ డైక్ 1999లో మొదలుపెట్టిన ఈ పని 2002లో 2.5 అభివృద్ధి శ్రేణి ద్వారా ప్రధాన కెర్నెల్ మూలంలో చేరింది. ఆ మూలంలోని ఆర్చ్ డైరెక్టరీలో ఎక్స్86, ఆర్మ్ వంటి నిజమైన ప్రాసెసర్ల పేర్ల పక్కనే యూఎం అనే డైరెక్టరీ ఇప్పటికీ ఉంది. మిగతా ఆర్కిటెక్చర్లు లోహంతోనూ సిలికాన్‌తోనూ మాట్లాడితే, ఇది కింద నడుస్తున్న మరో లైనక్స్ సిస్టమ్ కాల్స్‌తో (ప్రోగ్రాంలు కెర్నెల్‌ను సేవలు అడిగే పిలుపులతో) మాట్లాడుతుంది. దీనికి డిస్కు అంటే ఒక ఫైలు, మెమరీ అంటే ఇంకో ఫైలు, కన్సోల్ అంటే మీ టెర్మినల్. గెస్ట్ (ఇలా లోపల నడిచే లైనక్స్) లోపలి ప్రాసెస్‌లు చేసే సిస్టమ్ కాల్స్‌ను సంప్రదాయంగా ఇది పీట్రేస్ (ఒక ప్రాసెస్ మరో ప్రాసెస్‌ను గమనించి ఆపే సదుపాయం) ద్వారా అడ్డగించి, హోస్ట్ (కింద నడుస్తున్న లైనక్స్) దాకా పోనివ్వకుండా తానే జవాబిస్తుంది. అందువల్ల దీనికి ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సదుపాయమూ అక్కర్లేదు, రూట్ అధికారమూ అక్కర్లేదు.

ప్రాసెసర్ సదుపాయంతో వర్చువల్ యంత్రాలు నడిపే కేవీఎం వచ్చి స్థిరపడ్డాక దీని వేగం గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోవడం లేదన్నది నిజమే. అయితే కెర్నెల్ యూనిట్ పరీక్షలు నడిపే కేయూనిట్ సాధనం, వేరే ఆర్కిటెక్చర్ అడగనంతవరకు, ఈనాటికీ దీనిమీదే పరీక్షలు నడుపుతుంది. కెర్నెల్‌ను జీడీబీ అనే డీబగ్గర్‌లో మామూలు ప్రోగ్రాంలా తెరిచి చూడాలనుకునే విద్యార్థికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు. అద్దెకు తీసుకున్న వర్చువల్ యంత్రం లోపల మరో యంత్రం నడపాలని చూసి, ఆ సదుపాయం లేదని తెలిసి ఆగిపోయినవారికి కూడా ఇది పనికొస్తుంది.

దీన్ని ప్యాకేజీగా కట్టేవారికి మొదటి నుంచి చివరి వరకు ఒకే చిక్కు ఎదురవుతుంది. కట్టేటప్పుడు ఇది కెర్నెల్. ఇన్‌స్టాల్ అయ్యాక ఇది ప్రోగ్రాం. కెర్నెల్‌కు అలవాటైన పద్ధతులను ఇన్‌స్టాల్ దశకు తీసుకువెళ్తే హోస్ట్ యంత్రం చిందరవందర అవుతుంది. ప్రోగ్రాంకు అలవాటైన పద్ధతులను నిర్మాణ దశకు తెస్తే నిర్మాణమే చెడుతుంది. కింది అడుగులన్నీ ఆ గీత ఎక్కడ గీయాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి. ఈ వ్యాసంలో ఆదేశాలను, ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలోనే రాశాను. యంత్రం మీద మాత్రం వాటి అసలు అక్షరాలతోనే టైపు చేయాలి.

మొదలుపెట్టే ముందు

డెబియన్‌లో యూజర్-మోడ్-లైనక్స్ అనే సోర్స్ ప్యాకేజీ ఎప్పటి నుంచో ఉంది. ఏపీటీ జాబితాలో సోర్స్ వరుసలను చేర్చి, ‘ఏపీటీ సోర్స్ యూజర్-మోడ్-లైనక్స్’ అని ఆదేశించి దాన్ని తెచ్చుకుని ఒకసారి పూర్తిగా చదవండి. మొదట కనబడే విశేషం దాని చిన్నతనం. అందులో కెర్నెల్ మూలం లేదు! నిర్మాణానికి కావలసిన కెర్నెల్ మూలాన్ని లైనక్స్-సోర్స్ అనే వేరే ప్యాకేజీ నుంచి తీసుకుంటుంది. ఆ ప్యాకేజీ యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ డైరెక్టరీలో ఎక్స్‌జెడ్ పద్ధతిలో కుదించిన ఒక టార్ ఫైలును పెడుతుంది. మన ప్యాకేజీలో ఉండేది డెబియన్ డైరెక్టరీ, దానిలో నిర్మాణ సూత్రాలు (రూల్స్ ఫైలు), ఆకృతీకరణ (కాన్ఫిగ్) ఫైలు, అవసరమైతే కొన్ని ప్యాచ్‌లు మాత్రమే.

మీరు సొంతంగా కడుతున్నా ఈ పద్ధతినే అనుసరించమని నా సలహా. వంద మెగాబైట్లకు పైబడిన కెర్నెల్ మూలాన్ని మీ ప్యాకేజీలో రెండోసారి మోయడం వల్ల చోటు వృథా కావడం చిన్న నష్టం. డెబియన్ కెర్నెల్ బృందం వేసే ప్రతి భద్రతా సవరణను మీరు మళ్లీ చేతితో తెచ్చుకోవలసి రావడం పెద్ద నష్టం. లైనక్స్-సోర్స్ మీద ఆధారపడితే, అక్కడ సవరణ వచ్చినప్పుడు ఇక్కడ ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ కడితే సరిపోతుంది. డెబియన్ 12లో కెర్నెల్ 6.1, డెబియన్ 13లో 6.12 ఉన్నాయి, మీరు ఏ విడుదలకు కడుతున్నారో దానికి తగిన లైనక్స్-సోర్స్ ప్యాకేజీని ఎంచుకోవాలి. ఈ వ్యాసంలో 6.12ను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

పని యంత్రంలో డెబ్‌హెల్పర్, డెవ్‌స్క్రిప్ట్స్ అనే ప్యాకేజీ సాధనాలు, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్, శుభ్రమైన చోట ప్యాకేజీ కట్టే ఎస్‌బిల్డ్ ఉండాలి. కెర్నెల్ మూలం విప్పితే గిగాబైటుకు పైగానే ఆక్రమిస్తుంది, నిర్మాణ ఫలితాలకు ఇంకొంత చోటు కావాలి. కాబట్టి డిస్కులో ఖాళీ చూసుకుని దిగండి.

కంట్రోల్ ఫైలు

సోర్స్ భాగంలో సెక్షన్ కెర్నెల్ అని, ప్రయారిటీ ఆప్షనల్ అని రాయాలి. నిర్మాణ ఆధారాల వరుసలో డెబ్‌హెల్పర్-కంపాట్ 13, లైనక్స్-సోర్స్-6.12, ఎక్స్‌జెడ్-యుటిల్స్, బీసీ, ఫ్లెక్స్, బైసన్, డెప్‌మాడ్ ఆదేశం కోసం కేమాడ్ ఉండాలి. రూల్స్-రిక్వైర్స్-రూట్ అనే వరుసకు ‘నో’ అని విలువ ఇవ్వండి. రూట్ లేకుండా నడవడమే ప్రత్యేకతగా గల సాఫ్ట్‌వేర్‌ను కట్టడానికి రూట్ అడగడం బాగుండదు కూడా.

ఆర్కిటెక్చర్ వరుసలో ‘ఎనీ’ అని రాయకండి. ప్రధాన కెర్నెల్ మూలంలో యూజర్ మోడ్ లైనక్స్ ఎక్స్86 కుటుంబం మీద మాత్రమే నడుస్తుంది. కాబట్టి ఏఎండీ64, ఐ386 అని పేర్లు పెట్టి రాయాలి. ‘ఎనీ’ అని రాస్తే ఆర్మ్ నిర్మాణ యంత్రాలన్నీ మీ ప్యాకేజీని తీసుకుని విఫలమవుతాయి, ఆ వైఫల్యాల చిట్టా మీ పేరు మీద పడుతుంది.

ఇక అందరూ మరచిపోయే వరుస ఒకటుంది: బిల్ట్-యూజింగ్. కెర్నెల్ లైసెన్స్ జీపీఎల్ రెండో సంచిక. మీరు ఇచ్చే బైనరీలో ఉన్నదంతా వేరే ప్యాకేజీ నుంచి వచ్చిన కోడ్. మీ సోర్స్ ప్యాకేజీని మాత్రమే దాచి ఉంచితే, ఆ బైనరీకి సరిపోయే మూలాన్ని అందించినట్లు కాదు. నిర్మాణ సమయంలో ఏ లైనక్స్ సోర్స్ ప్యాకేజీ, ఏ వెర్షన్ వాడారో బిల్ట్-యూజింగ్‌లో రాస్తే, బైనరీ ఉన్నంతకాలం ఆ మూలాన్ని కూడా భాండాగారం అట్టిపెడుతుంది. ఈ విలువను చేతితో రాయకూడదు. రూల్స్ ఫైలులో డీపీకేజీ-క్వెరీ ఆదేశాన్ని లైనక్స్-సోర్స్-6.12 మీద ప్రయోగించి, దాని సోర్స్ పేరు, సోర్స్ వెర్షన్ రాబట్టి, డీహెచ్_జెన్‌కంట్రోల్‌కు ప్రత్యామ్నాయ చరంగా అందించాలి. అప్పుడు ప్యాకేజీని ఎన్నిసార్లు మళ్లీ కట్టినా ఆ వరుస తనంతట తానే సరిగ్గా నిండుతుంది.

బైనరీ భాగంలో యూఎంఎల్-యుటిలిటీస్‌ను రికమెండ్స్‌లో పెట్టండి. నడుస్తున్న గెస్ట్‌కు బయటి నుంచి ఆదేశాలిచ్చే యూఎంఎల్_ఎంకన్సోల్, కాపీ-ఆన్-రైట్ ఫైళ్లను (అసలు డిస్కు ఫైలును తాకకుండా మార్పులను మాత్రమే దాచే ఫైళ్లను) అసలుతో కలిపే యూఎంఎల్_మూ వంటి సాధనాలు అందులోనివే. డిపెండ్స్‌లో పెట్టనక్కర్లేదు, ఎందుకంటే అవేవీ లేకుండానే గెస్ట్ లేచి నడుస్తుంది. పైగా ఆ ప్యాకేజీలో రూట్ అధికారంతో నడిచే యూఎంఎల్_నెట్ అనే సహాయక ప్రోగ్రాం కూడా ఉంది. కావాలని కోరుకోని వాడి యంత్రంలోకి అలాంటిదాన్ని బలవంతంగా ఎక్కించకపోవడమే మర్యాద. కన్సోల్‌ను ప్రత్యేకంగా మళ్లించకపోతే ఎక్స్‌టెర్మ్ కిటికీ తెరవడానికి ప్రయత్నించే అలవాటు దీనికి ఉంది కనుక, ఒక టెర్మినల్‌ను సజెస్ట్స్‌లో చేర్చడం మంచిది.

ప్యాచ్‌లు, సోర్స్ ఫార్మాట్

సోర్స్ ఫార్మాట్ 3.0 నేటివ్ అని పెట్టుకోవడం సులువు, ఎందుకంటే మన దగ్గర మూల రచయిత విడుదల చేసిన టార్ ఫైలు అంటూ వేరే లేదు. క్విల్ట్ ఫార్మాట్ ఎంచుకుని డెబియన్/ప్యాచెస్‌లో కెర్నెల్ ప్యాచ్‌లు పెడితే, సోర్స్ విప్పే సమయంలోనే డీపీకేజీ-సోర్స్ వాటిని వేయబోతుంది. అప్పటికి కెర్నెల్ మూలం అక్కడ లేదు కాబట్టి అది ఆగిపోతుంది. నేటివ్ ఫార్మాట్‌లో ఈ బాధ లేదు. అయినా చదివేవారు తికమకపడకుండా ప్యాచ్‌ల డైరెక్టరీకి కెర్నెల్-ప్యాచెస్ వంటి వేరే పేరు పెట్టి, మూలం విప్పిన తర్వాత రూల్స్ ఫైలు నుంచే వాటిని వేయండి.

వెర్షన్ సంఖ్యకు డెబియన్‌లో ఉన్న వాడుక కెర్నెల్ శ్రేణి సంఖ్య, దాని వెనుక యూఎం, దాని వెనుక మన సవరణ సంఖ్య. డెబియన్ 11 కాలపు ప్యాకేజీ 5.10యూఎం3 అని ఉండేది. మన ఉదాహరణలో అది 6.12యూఎం1 అవుతుంది. 6.12 శ్రేణిలోనే చిన్న విడుదల వచ్చినప్పుడు ఈ సంఖ్య మారనక్కర్లేదు. సోర్స్ మారకుండా బైనరీని మాత్రం తిరిగి కట్టే పద్ధతిలో చివర ప్లస్ బీ1, ప్లస్ బీ2 అని చేరుతూ పోతుంది.

నిర్మాణ సూత్రాలు

రూల్స్ ఫైలులో డీహెచ్ వరుసను వాడి, ఆకృతీకరణ, నిర్మాణం, ఇన్‌స్టాల్ అనే మూడు దశలను మాత్రం మనం ఓవర్‌రైడ్ చేసుకోవాలి.

మొదటి దశలో టార్ ఫైలును విప్పి, ప్యాచ్‌లు వేసి, డెబియన్ డైరెక్టరీలో దాచిన ఆకృతీకరణ ఫైలును చుక్క-కాన్ఫిగ్ పేరుతో కాపీ చేసి, ‘మేక్ ఆర్చ్=యూఎం ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ అని పిలవాలి. ఈ ‘ఆర్చ్=యూఎం’ అనే మాట ప్రతి మేక్ పిలుపులోనూ ఉండి తీరాలి. ఒక్కచోట మరిచినా, కెర్నెల్ నిర్మాణ వ్యవస్థ మీరు అసలు ఎక్స్86 కెర్నెల్ కడుతున్నారని అనుకుని, ఆకృతీకరణ ఫైలును ఆ దృష్టితో తిరగరాసి, యూజర్ మోడ్‌కు సంబంధించిన ఎంపికలన్నీ చప్పుడు చేయకుండా తీసేస్తుంది. ఒకసారి నేను కెర్నెల్ వెర్షన్ తెలుసుకునే వరుసలో ఈ మాట మరిచి, దోషం వేరే ఎక్కడో ఉందనుకుని ఒక సాయంత్రమంతా వెతికాను. అందుకే రూల్స్ ఫైలు తలభాగంలోనే మేక్ పిలుపును ఒక చరంలో పెట్టుకుని, కింద అంతటా ఆ చరాన్నే వాడండి. తప్పు జరిగిపోయి రెండు ఆర్కిటెక్చర్ల ఫలితాలు కలగలిసిపోతే, ‘మేక్ ఎంఆర్‌ప్రాపర్’ చేసి మళ్లీ మొదటి నుంచి రావడం తప్ప దారి లేదు.

ఆ చరంలోనే సబ్‌ఆర్చ్ విలువను కూడా చేర్చాలి. 64-బిట్ కెర్నెల్ మీద 32-బిట్ క్రూట్ (వేరే రూట్ డైరెక్టరీతో నడిచే ఏర్పాటు) పెట్టి ఐ386 ప్యాకేజీ కడుతున్నప్పుడు, యంత్రమేదని అడిగితే యూనేమ్ ఎక్స్86_64 అని చెప్పగలదు. నిర్మాణ వ్యవస్థ ఆ మాట నమ్మి 64-బిట్ దారిలో వెళ్లి విఫలమవుతుంది. డెబియన్ ఆర్కిటెక్చర్ ఐ386 అయినప్పుడు సబ్‌ఆర్చ్=ఐ386 అని స్పష్టంగా చెబితే ఊహకు తావుండదు.

దీని తర్వాత కంపైలర్ జెండాలు (ఫ్లాగ్‌లు). డెబియన్ సాధారణ ప్రోగ్రాంల కోసం సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ ద్వారా భద్రతా జెండాలను అందిస్తుంది. ఇది ప్రోగ్రామే కదా అని వాటిని ఇక్కడికి తేకూడదు. కట్టే దశలో ఇది కెర్నెల్. తనకు ఏ జెండాలు కావాలో అది తానే నిర్ణయించుకుంటుంది. ముఖ్యంగా ఎక్కడికైనా జరపగలిగే బైనరీని తయారుచేసే పీఐఈ పద్ధతికి, ఫలానా చిరునామాలో ఉంటాననుకునే ఈ బైనరీ లింకింగ్‌కు పొసగదు. డెబియన్ 9 విడుదల నాటికి దాని కంపైలర్ పీఐఈను అప్రమేయంగా చేసింది కాబట్టి, లింకింగ్ దశలో పీఐఈ వద్దని చెప్పవలసిన అవసరం వచ్చింది. ఆ పని ఇప్పుడు కెర్నెల్ మూలమే చేసుకుంటుంది. మన వంతు పని మేక్ పిలుపుకు ముందు ఆ రెండు చరాలనూ (సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్) ఎన్విరాన్‌మెంట్ నుంచి తొలగించడమే.

స్టాటిక్‌గా లింక్ చేయాలా, డైనమిక్‌గానా అన్నది ఆకృతీకరణలో స్టాటిక్_లింక్ ఎంపిక మీద ఆధారపడుతుంది. స్టాటిక్ బైనరీని ఏ క్రూట్‌లోకైనా ఒక్క ఫైలుగా తీసుకుపోవచ్చు, అది ఆకర్షణీయమే. అయినా పంపిణీ ప్యాకేజీకి డైనమిక్ పద్ధతే తగినదని నా అభిప్రాయం. సీ లైబ్రరీలో భద్రతా సవరణ వచ్చినప్పుడు ప్యాకేజీని మళ్లీ కట్టకుండానే ఆ ఫలితం అందుతుంది, ఆధారాల వరుసను డీహెచ్_షెల్‌లిబ్‌డెప్స్ తానే నింపుతుంది.

రెండు నిర్మాణాలు బైటు బైటుకూ ఒకేలా రావాలంటే కేబిల్డ్_బిల్డ్_టైమ్‌స్టాంప్, కేబిల్డ్_బిల్డ్_యూజర్, కేబిల్డ్_బిల్డ్_హోస్ట్ అనే మూడు చరాలకు స్థిరమైన విలువలివ్వాలి. సమయాన్ని చేంజ్‌లాగ్‌లోని తేదీ నుంచి వచ్చే సోర్స్_డేట్_ఈపాక్ నుంచి తీసుకోండి.

ఆకృతీకరణలో ఏముండాలి

ఇక్కడ కొంత నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే వాడేవారి మొదటి అనుభవం ఈ ఫైలు మీదే ఆధారపడి ఉంటుంది. గెస్ట్ లేవడానికి అవసరమైనవేవీ మాడ్యూల్‌గా (తర్వాత ఎక్కించుకునే విడి భాగంగా) ఉండకూడదు. యూబీడీ డిస్కు డ్రైవర్, హోస్ట్ డైరెక్టరీలను గెస్ట్‌లో చూపే హోస్ట్‌ఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4, డెవ్‌టెంప్‌ఎఫ్ఎస్, టెంప్‌ఎఫ్ఎస్, ఎంకన్సోల్ ఇవన్నీ కెర్నెల్‌లోనే కలిసి ఉండాలి. ఇప్పటి పంపిణీలను గెస్ట్‌గా లేపాలంటే సిస్టమ్‌డీకి సీగ్రూప్స్ కావాలి. నెట్‌వర్క్ కోసం వెక్టర్ డ్రైవర్‌ను కలపాలి. అరుదుగా వాడే ఫైల్ సిస్టమ్‌లు, నెట్‌వర్క్ వడపోత విభాగాలు మాడ్యూళ్లుగా ఉంటే చాలు.

కెర్నెల్ శ్రేణి మారిన ప్రతిసారీ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ ఒక పని చేస్తుంది: మూలం నుంచి తొలగిన ఎంపికలను మీకు చెప్పకుండా ఫైలులోంచి తీసేస్తుంది. కాబట్టి పాత ఆకృతీకరణను, కొత్తగా వచ్చినదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చకుండా ఎప్పుడూ అప్‌లోడ్ చేయకండి. రూల్స్ ఫైలులోనే ఒక చిన్న తనిఖీ రాసి, పైన చెప్పిన ముఖ్యమైన ఎంపికల్లో ఏ ఒక్కటి లేకపోయినా నిర్మాణం అక్కడే ఆగిపోయేలా చేస్తే ఇంకా మేలు.

బూట్ డైరెక్టరీలో కాన్ఫిగ్ ఫైలు పెట్టాలా అని అడిగేవారున్నారు. అక్కర్లేదు. ఈ బైనరీని ‘షోకాన్ఫిగ్’ అనే మాటతో పిలిస్తే తాను ఏ ఎంపికలతో తయారైందో తానే చదివి వినిపిస్తుంది. ‘హెల్ప్’ అంటే ఎంపికల జాబితా, ‘వెర్షన్’ అంటే కెర్నెల్ సంఖ్య చెబుతుంది. ఈ విషయంలో ఇది నిక్కమైన ప్రోగ్రాం.

ఇన్‌స్టాల్ దశ

నిర్మాణం ముగిసేసరికి మూలం పైడైరెక్టరీలో లైనక్స్ అనే పేరుతో నడపదగిన ఫైలు ఉంటుంది. దాన్ని లైనక్స్.యూఎంఎల్ అనే పేరుతో యూఎస్ఆర్/బిన్‌లో పెట్టాలి. బూట్ డైరెక్టరీకి దీనితో సంబంధం లేదు. గ్రబ్‌ను కదిలించకూడదు, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారుచేయమని పోస్టిన్‌స్ట్‌లో (ఇన్‌స్టాల్ తర్వాత నడిచే స్క్రిప్టులో) అడగకూడదు. హోస్ట్ దృష్టిలో ఇది ఎడిటర్ లాంటి, బ్రౌజర్ లాంటి మరో ప్రోగ్రాం.

మాడ్యూళ్ల దగ్గర ఎక్కువమంది జారిపడతారు. మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ లక్ష్యాన్ని ఇన్‌స్టాల్_మాడ్_పాత్‌తో పిలిస్తే, అది మామూలు కెర్నెల్‌కు చేసినట్లే లిబ్/మాడ్యూల్స్ కింద వాటిని పెడుతుంది. వాటిని అక్కడే వదిలేస్తే, ఇవి హోస్ట్ కెర్నెల్ మాడ్యూళ్లని భావించి డీహెచ్_ఇన్‌స్టాల్‌మాడ్యూల్స్ హోస్ట్ మీద డెప్‌మాడ్ నడిపే లిపిని (స్క్రిప్టును) ప్యాకేజీలో చేర్చేస్తుంది. ఆ మాడ్యూళ్లు హోస్ట్‌కు ఏ విధంగానూ పనికిరావు. అందుకే ఇన్‌స్టాల్ ఓవర్‌రైడ్‌లోనే మొత్తం డైరెక్టరీని యూఎస్ఆర్/లిబ్/యూఎంఎల్/మాడ్యూల్స్ కిందికి మార్చాలి. మాడ్యూల్స్.డెప్ ఫైలులో దారులు సాపేక్షంగా ఉంటాయి కనుక ఇలా జరపడం వల్ల ఏమీ చెడదు. అక్కడ బిల్డ్, సోర్స్ అనే లింకులు ఉంటే తీసేయండి; అవి మీ నిర్మాణ డైరెక్టరీని చూపిస్తుంటాయి, వాడేవారి యంత్రంలో అది ఉండదు. ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 అని ఇస్తే మాడ్యూళ్ల పరిమాణం బాగా తగ్గుతుంది.

గెస్ట్ లోపలి నుంచి ఆ మాడ్యూళ్లను చేరుకోవడానికి హోస్ట్‌ఎఫ్ఎస్ ఉంది. గెస్ట్‌లో లిబ్/మాడ్యూల్స్ మీద, హోస్ట్‌లోని యూఎస్ఆర్/లిబ్/యూఎంఎల్/మాడ్యూల్స్‌ను హోస్ట్‌ఎఫ్ఎస్ రకంగా, చదవడానికి మాత్రమే అనుమతితో మౌంట్ చేస్తే సరి. ఈ ఒక్క ఆదేశాన్ని రీడ్‌మీ.డెబియన్ ఫైలులో తప్పకుండా రాయండి. లేకపోతే మాడ్యూళ్లు ఎందుకు దొరకడం లేదని అడిగే ఉత్తరాలకు మీరే జవాబులు రాస్తూ కూర్చోవాలి.

ప్రధాన బైనరీ నుంచి డీబగ్ సమాచారాన్ని డీహెచ్_స్ట్రిప్ విడదీసి వేరే ప్యాకేజీలో పెడుతుంది. దాన్ని ఆపకండి. దీన్ని వాడేవారిలో చాలామంది జీడీబీతో కెర్నెల్ లోపలికి చూడటానికే వస్తారు కాబట్టి, ఆ డీబగ్ ప్యాకేజీ వారికి అసలు ప్యాకేజీ అంత ముఖ్యం. ఆకృతీకరణలో డీబగ్ సమాచారం ఎంపిక కూడా ఉందో లేదో చూసుకోండి.

డిస్కు ప్రతిబింబాన్ని (ఇమేజ్‌ను) కూడా ప్యాకేజీలో పెట్టి, ఇన్‌స్టాల్ కాగానే గెస్ట్ లేచేలా చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. వాడేవారు అసలు ప్రతిబింబాన్ని తాకకుండా, తమ మార్పులను కాపీ-ఆన్-రైట్ ఫైలులో దాచుకుంటారు. ఆ ఫైలు తలభాగంలో అసలు ప్రతిబింబం దారి, పరిమాణం, చివరిసారి మారిన సమయం రాసి ఉంటాయి. మీ ప్యాకేజీ తాజా అయినప్పుడు ప్రతిబింబం మారుతుంది. సమయాలు సరిపోలక వారి ఫైలును తెరవడానికి గెస్ట్ నిరాకరిస్తుంది. నెలల తరబడి చేసుకున్న పని ఒక్క ఏపీటీ అప్‌గ్రేడ్‌తో అందకుండా పోతుంది. ప్రతిబింబాన్ని డీబూట్‌స్ట్రాప్‌తో ఎలా తయారుచేసుకోవాలో పత్రంలో చెప్పి ఊరుకోవడమే సరైన పద్ధతి.

పరీక్షలు

బైనరీ తయారైనంత మాత్రాన గెస్ట్ లేస్తుందన్న నమ్మకం లేదు. డెబియన్/టెస్ట్స్ డైరెక్టరీలో ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని పరీక్షించే ఒక చిన్న ఆటోప్యాకేజ్‌టెస్ట్ రాయండి. దీనికి డిస్కు ప్రతిబింబం కూడా అవసరం లేదు. రూట్‌ఎఫ్ఎస్‌టైప్=హోస్ట్‌ఎఫ్ఎస్, రూట్‌ఫ్లాగ్స్ విలువ హోస్ట్ రూట్ డైరెక్టరీ, రూట్ విలువ డెవ్/రూట్, మెమరీ 128 మెగాబైట్లు, ఇనిట్ విలువ మీ పరీక్ష లిపి దారి అని ఇచ్చి, కన్సోల్ సున్నాను ప్రామాణిక ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు మళ్లించండి. పరీక్ష లిపి ప్రాక్‌ను మౌంట్ చేసి, కెర్నెల్ సంఖ్యను, దాని కింద ఒక గుర్తు మాటను అచ్చువేసి, బలవంతపు పవరాఫ్‌తో ముగియాలి. లిపి ఊరికే ముగిస్తే ఇనిట్ చనిపోయిందని కెర్నెల్ పానిక్ అవుతుంది. ప్రాసెస్ ముగింపు సంఖ్యను నమ్మకుండా, అవుట్‌పుట్‌లో ఆ గుర్తు మాట కోసం వెతకండి. మొత్తం పిలుపును టైమ్‌అవుట్ ఆదేశంలో చుట్టడం మరవకండి. లేవని గెస్ట్ పరీక్ష యంత్రాన్ని గంటల తరబడి పట్టుకుని కూర్చోగలదు.

పరీక్ష విఫలమైతే ముందు రెండు చోట్ల చూడండి. గెస్ట్ మెమరీ అంటే ఒక ఫైలని చెప్పుకున్నాం, దాన్ని నడపదగిన అనుమతితో మ్యాప్ చేస్తారు. టీఎంపీడీఐఆర్ వంటి చరాలు చెప్పిన చోటునో, లేకపోతే డెవ్/ఎస్‌హెచ్‌ఎంనో దాని కోసం వాడుకుంటుంది. ఆ చోటును నోఎక్జెక్‌తో (ప్రోగ్రాంలు నడపడానికి అనుమతి లేకుండా) మౌంట్ చేసి ఉంటే, ప్రాట్_ఎక్జెక్ ఎంమ్యాప్‌ను పరీక్షిస్తున్నానని చెప్పి, ఆ పరీక్షలోనే ఆగిపోతుంది. టీఎంపీడీఐఆర్‌ను వేరే డైరెక్టరీకి మార్చితే సమస్య తీరుతుంది. రెండోది యామా భద్రతా విభాగంలోని పీట్రేస్_స్కోప్ విలువ. ఇది 0 లేక 1 అయితే ఇబ్బంది లేదు, ఎందుకంటే యూజర్ మోడ్ లైనక్స్ తన పిల్ల ప్రాసెస్‌లనే అనుసరిస్తుంది. 2 అయితే ప్రత్యేక అధికారం లేని మామూలు యూజర్‌కు కుదరదు, 3 అయితే ఎవరికీ కుదరదు. పరీక్ష యంత్రం మీద ఈ రెండింటినీ ముందే తనిఖీ చేసి, అనుకూలం కాకపోతే పరీక్షను విఫలం చేయకుండా దాటవేసేలా లిపిలో రాసుకోవచ్చు.

ఎస్‌బిల్డ్‌తో శుభ్రమైన క్రూట్‌లో కట్టి, లింటియన్ నడపండి. హార్డెనింగ్-నో-పీఐఈ అన్న ఫిర్యాదు తప్పక వస్తుంది. కారణం పైన చూశాం కాబట్టి, ఆ కారణాన్ని ఒక వ్యాఖ్యగా రాసి లింటియన్-ఓవర్‌రైడ్స్ ఫైలులో చేర్చండి. మాన్యువల్ పేజీ లేదన్న ఫిర్యాదును మాత్రం ఓవర్‌రైడ్‌తో నోరు మూయించకండి. యూఎంఐడీ, ఎంఈఎం, యూబీడీఏ, రూట్, కన్సోల్ అనే అయిదు మాటలను వివరించి, ఒక పూర్తి ఉదాహరణ ఇచ్చిన రెండు పుటల పేజీ కూడా చాలామందికి సరిపోతుంది.

తాజా చేసేటప్పుడు

ప్యాకేజీ తాజా అవుతున్న సమయంలో యంత్రం మీద గెస్ట్‌లు నడుస్తూ ఉండవచ్చు. నడుస్తున్న బైనరీకి ఏమీ కాదు, పాత ఫైలునే పట్టుకుని కొనసాగుతుంది. కానీ పాత వెర్షన్ మాడ్యూళ్ల డైరెక్టరీ తొలగిపోతుంది కాబట్టి, ఆ గెస్ట్ అప్పటిదాకా ఎక్కించని మాడ్యూల్ ఇక దొరకదు. అవసరమైనవి కెర్నెల్‌లోనే కలపమని చెప్పడానికి ఇది మరో కారణం.

శ్రేణి మారినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. డీమన్, స్లిర్ప్, ట్యూన్‌ట్యాప్ వంటి పాత నెట్‌వర్క్ రవాణా పద్ధతులను 2025లో కెర్నెల్ మూలం నుంచి తొలగించారు. ఇప్పుడు వాటికి బదులు వాడవలసింది వెక్టర్ డ్రైవర్ దారి. ఈథ్0=డీమన్ అని రాసుకున్న ప్రారంభ లిపులు ఎన్నో యంత్రాల్లో ఏళ్ల తరబడి మారకుండా ఉన్నాయి. తనకు తెలియని మాటను కెర్నెల్ దోషంగా భావించదు, దాన్ని ఇనిట్‌కు అందించి ముందుకు సాగుతుంది. దాంతో గెస్ట్ చక్కగా లేస్తుంది, నెట్‌వర్క్ మాత్రం ఉండదు, తెర మీద గట్టి హెచ్చరికా ఉండదు. ఇలాంటి మార్పు ఉన్న వెర్షన్‌ను అప్‌లోడ్ చేసేటప్పుడు డెబియన్/న్యూస్ ఫైలులో పాత వరుస ఏది, దాని స్థానంలో వెక్0తో మొదలయ్యే కొత్త వరుస ఏది అన్నది రెండు ఉదాహరణలతో రాయండి. ఏపీటీ-లిస్ట్‌చేంజెస్ పెట్టుకున్నవారికి అది ఇన్‌స్టాల్‌కు ముందే తెర మీద కనబడుతుంది.